పచ్చ టిక్కు వచ్చాక కూడా తెరుచుకోని గ్రాఫ్

పోయిన ఏడాది దసరాకు ముందు మా చిన్నాయన రెండు వార్పులు, అంటే రెండు పడుగుల మీద నేసిన చీరలు, సగం ధరకు అమ్ముకోవాల్సి వచ్చింది. ఒక్కో వార్పుకు ఏడు చీరలు, మొత్తం పద్నాలుగు పట్టు చీరలు. నేతలో తప్పు లేదు, రంగులో తప్పు లేదు. అంచులో చిలకలు ఒకవైపు చూడాల్సింది ఇంకోవైపు చూశాయి, అంతే. బెంగళూరులో బొటిక్ నడిపే మేడం డిజైన్ ఫోటో మీద ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, "ఎడమ వైపుది తిప్పండి" అని వాట్సాప్‌లో పెట్టారు. ఆమె ఎడమ అన్నది చీర కట్టుకున్న మనిషికి ఎడమ. చిన్నాయన అర్థం చేసుకున్నది మగ్గం ముందు కూర్చున్న మనిషికి ఎడమ.

ఇక్కత్ పని తెలియని వాళ్లకు ఇది చిన్న పొరపాటులా అనిపించవచ్చు. మా పనిలో బట్ట నేసిన తర్వాత అద్దరు. నూలుకే ముందు రంగు ఎక్కించి, ఆ తర్వాత నేస్తారు. పడుగు, పేకల మీద ఎక్కడ రంగు అంటకూడదో అక్కడ రబ్బరు పట్టీలతో గట్టిగా చుట్టి, అంటే చిటికి కట్టి, రంగులో ముంచుతారు. ఒక రంగు అయ్యాక కొన్ని విప్పి, కొన్ని కొత్తగా కట్టి మళ్లీ ముంచుతారు. నాలుగు రంగులుంటే నాలుగుసార్లు. ఒకసారి రంగు పట్టిన దారాన్ని వెనక్కి తిప్పలేం. కొనేవాళ్లకూ నేసేవాళ్లకూ మధ్య ఏ మాట జరిగినా చిటికి కట్టకముందే, గడులు గడులుగా గీసిన డిజైన్ మీద, అంటే గ్రాఫ్ మీదనే జరిగిపోవాలి.

ఆ గ్రాఫ్ ఇప్పుడు మా ఇంట్లో కాగితం మీద లేదు. చిన్నాయన కూతురు, నా చెల్లె, డిగ్రీ చదివే రోజుల నుంచే ఎక్సెల్‌లో గీస్తోంది. కాలమ్‌లను సన్నగా చేసి గడులన్నీ చతురస్రాలు చేస్తుంది. ఒక గడి ఒక చిటికి. గడికి రంగు నింపితే అదే దారం రంగు. వెడల్పుకు ఎన్ని, పొడుగుకు ఎన్ని, ఏ రంగుకు ఎన్ని చిటికిలు కట్టాలో షీటే లెక్క చెప్తుంది. నేను నల్లగొండలో కంప్యూటర్ నెట్‌వర్కుల పని చేసుకుంటాను, చిన్నాయన వాళ్లది చండూరు దగ్గర ఊరు. ఆ రెండు వార్పుల సంగతి తెలిసినప్పుడు నాకు తట్టింది ఒక్కటే. మేడం బెంగళూరులో, చెల్లె ఇక్కడ, ఇద్దరూ ఒకే షీటును ఒకేసారి తెరిచి, అదే గడి మీద వేలు పెట్టి మాట్లాడుకోగలిగితే ఎడమా కుడీ అన్న మాటే రాదు.

సర్వర్ అప్పటికే ఉంది. వర్క్‌షెడ్డు పక్క గదిలో 8 జీబీ ర్యామ్ ఉన్న పాత డెస్క్‌టాప్ మీద ఉబుంటు ఆపరేటింగ్ సిస్టమ్ వేసి, సొంత డ్రైవ్‌లా పనిచేసే నెక్స్ట్‌క్లౌడ్ పెట్టాను. పేరున్న కంపెనీల డ్రైవ్‌లు ఉండగా సొంతంగా ఎందుకు అని చాలామంది అడిగారు. చిన్నాయనకు డిజైన్ బయటికి పోతుందన్న భయం ఉంది, ఆ భయంలో న్యాయం కూడా ఉంది. పోచంపల్లి ఇక్కత్‌కు ఎప్పుడో, పుట్టపాక తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చాయి. అయినా మా డిజైను చూసి ఎక్కడో మిల్లులో అచ్చు వేసిన చీర, మా చీర మగ్గం దిగకముందే బజారులోకి వచ్చిన రోజులు మేం చూశాం. గ్రాఫ్ ఫైల్ మా గదిలోనే, మా డిస్క్ మీదనే ఉండాలన్నది ఆయన షరతు. నేనైనా అదే అనేవాణ్ని.

నెక్స్ట్‌క్లౌడ్ ఫైళ్లను దాచిపెడుతుంది, పంచుకోనిస్తుంది. కానీ ఎక్సెల్ షీటును బ్రౌజర్‌లోనే తెరిచి ఇద్దరు కలిసి మార్చాలంటే దానికి ఇంకో భాగం తగిలించాలి. నేను కొలాబొరా ఆన్‌లైన్ ఎంచుకున్నాను. లోపల పనిచేసేది లిబ్రేఆఫీస్ అనే ఉచిత ఆఫీస్ సాఫ్ట్‌వేర్, షీటులో గడి రంగులు చెదరవని ముందే పరీక్షించి చూసుకున్నాను. కొలాబొరాలో కోడ్ (CODE) అనే పేరుతో ఉచితంగా దొరికే ఎడిషన్‌ను పెద్ద వ్యాపారాలకు వాడొద్దని తయారుచేసిన వాళ్లే చెప్తారు. మేం నలుగురం, ఒకసారికి తెరిచేది ఒకటో రెండో ఫైళ్లు. మాకు చాలు.

మొదట సులువైన దారి పట్టాను. నెక్స్ట్‌క్లౌడ్ యాప్‌ల పేజీలోనే బిల్ట్-ఇన్ కోడ్ సర్వర్ అని ఒకటి ఉంటుంది, బటన్ నొక్కితే దిగిపోతుంది అంటారు. అది కొన్ని వందల ఎంబీల ఫైలు. మా ఊరి నెట్‌కు అది సగంలో ఉండగానే పేజీ టైమ్‌అవుట్ అయింది, మూడుసార్లు. చివరికి టెర్మినల్ నుంచి కమాండ్‌తో దింపితే దిగింది. ఒక్కరు తెరిస్తే బాగానే ఉంది. నేనూ చెల్లే కలిసి తెరిచి, మూడు వందల కాలమ్‌ల గ్రాఫ్ మీద పని మొదలుపెట్టేసరికి, గడి నొక్కిన తర్వాత రంగు పడటానికి మన ఊపిరి బిగపట్టుకోవాల్సినంత సేపు పట్టింది. తీసేశాను.

ఇక రెండో దారి. కొలాబొరాను డాకర్ కంటైనర్‌లో, అంటే అదే మిషన్ మీద దానికంటూ వేరే గది లాంటి చోట, విడిగా నడిపి, నెక్స్ట్‌క్లౌడ్‌కు దాని చిరునామా చెప్పడం. అది 9980 పోర్టు మీద వింటుంది. దాని ముందు, బయటి నుంచి వచ్చేవాటిని లోపలికి పంపే ఎన్‌జిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్ పెట్టి, ఇంకో సబ్‌డొమైన్ తీసుకుని, హెచ్‌టీటీపీఎస్ కోసం ఉచితంగా దొరికే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్ వేశాను. ఒక శనివారం పొద్దున చండూరు బస్సెక్కి, సాయంత్రానికల్లా అయిపోతుందని చెల్లెకు మాటిచ్చాను. ఆదివారం రాత్రి పదకొండున్నరకు అయింది.

మొదటి అడ్డంకి గంటలోనే తేలిపోయింది. ఫైల్ తెరిస్తే 'అనధికార వోపీ హోస్ట్' అని ఎర్ర అక్షరాల్లో వచ్చింది. వోపీ (WOPI) అంటే ఫైళ్లు దాచే సర్వరూ వాటిని తెరిచే సర్వరూ మాట్లాడుకునే పద్ధతి. ఏ సర్వర్ నుంచి వచ్చే ఫైళ్లను తెరవవచ్చో కొలాబొరాకు ముందే చెప్పాలి. పాత గైడ్‌లలో దీనికి డొమైన్ అనే వేరియబుల్ ఉంటుంది, ఇప్పటి వెర్షన్‌లకు ఏలియాస్‌గ్రూప్ అని ఇవ్వాలి. నేను పాతది చూసి రాశాను. మార్చి, హెచ్‌టీటీపీఎస్‌తో సహా పూర్తి పేరు, చివర 443 పోర్టు ఇచ్చాను. ఆ ఎర్ర అక్షరాలు పోయాయి.

తర్వాత తెల్ల పేజీ, మధ్యలో తిరిగే చక్రం. బ్రౌజర్ కన్సోల్ తెరిస్తే వెబ్‌సాకెట్ ఫెయిల్ అని వరుసగా పడుతోంది. ఒకరు గడి మార్చగానే ఇంకొకరికి కనిపించాలంటే మధ్యలో తెగని తీగ లాంటి కనెక్షన్ ఉండాలి, అదే వెబ్‌సాకెట్. ఎన్‌జిన్‌ఎక్స్ దాన్ని తనంతట తాను లోపలికి పంపదు. అప్‌గ్రేడ్, కనెక్షన్ అనే రెండు హెడర్‌లను విడిగా రాయాలి. దాంతో పాటు ఇంకో విషయం, ఇది నాకు తర్వాత రోజుల్లో తెలిసింది. ఎన్‌జిన్‌ఎక్స్ మామూలుగా 60 సెకన్లు అటునుంచి ఏ కదలికా లేకపోతే కనెక్షన్ తెంపేస్తుంది. గ్రాఫ్ ముందు కూర్చున్నవాళ్లు రెండు నిమిషాలు ఆలోచించడం మామూలే. అందుకే కొలాబొరా వాళ్ల నమూనా కాన్ఫిగరేషన్‌లో ఆ గడువు 36000 సెకన్లని ఉంటుంది. నేను ఆ లైను అనవసరం అనుకుని వదిలేశాను. వదలకండి.

అసలు కథ ఇక్కడి నుంచి మొదలైంది. శనివారం రాత్రి ఎనిమిదికి నెక్స్ట్‌క్లౌడ్ సెట్టింగ్స్‌లో పచ్చ టిక్కు వచ్చింది, 'సర్వర్ అందుబాటులో ఉంది' అని. చెల్లె పరుగెత్తుకొచ్చి గ్రాఫ్ నొక్కింది. చక్రం తిరిగింది, తిరిగింది, చివరికి ఫైల్ తెరవలేకపోయాం అన్న మాట. పేజీ మళ్లీ తెరిస్తే మళ్లీ అదే. ఫోన్ డేటా మీద తెరిచినా అదే. సెట్టింగ్స్‌కు పోతే పచ్చ టిక్కు అట్లాగే ఉంది.

ఆ రాత్రంతా నేను పచ్చ టిక్కును నమ్మి తప్పు దిక్కులో వెతికాను. సర్టిఫికెట్ రెండుసార్లు మార్చాను, కంటైనర్ తీసి మళ్లీ వేశాను, ఎక్సెల్ ఫైల్‌లోనే లోపం ఉందేమోనని ఖాళీ ఫైల్‌తో చూశాను. ఆదివారం పొద్దున చిన్నాయన జొన్న రొట్టె ముందర పెట్టుకుని అడిగాడు.

"ఏమైందిరా, ఇంకా తెరుచుకుంటలేదా?"

"నెక్స్ట్‌క్లౌడ్ పోయి కొలాబొరాను చూసొస్తుంది చిన్నాయనా. బాగనే ఉందంటుంది. ఫైల్ తెరువమంటే మాత్రం తెరుస్తలేదు."

"మరి అటుదొచ్చి ఇటు సూసిందా?"

నేను నోట్లో ముద్ద పెట్టుకోలేదు. ఆయన సంబంధాలు కుదిర్చే మనిషి, ఆ లెక్కలోనే అన్నాడు. పిల్లవాడి తరపువాళ్లు పోయి పిల్లను చూసొస్తే సరిపోదు, పిల్ల తరపువాళ్లు కూడా వచ్చి ఇల్లు చూడాలి.

వోపీ పద్ధతి సరిగ్గా ఇట్లాగే పనిచేస్తుంది. మైక్రోసాఫ్ట్ తయారుచేసిన ఈ పద్ధతిలో మన బ్రౌజర్ కొలాబొరాకు ఫైలును ఇవ్వదు. ఫైల్ ఎక్కడుందో చెప్పే చిరునామా, అనుమతి చీటీ లాంటి ఒక టోకెన్ మాత్రమే ఇస్తుంది. కొలాబొరా ఆ టోకెన్ పట్టుకుని తానే నెక్స్ట్‌క్లౌడ్ దగ్గరికి వెళ్లాలి. ఈ ఫైల్ పేరేమిటి, సైజెంత, ఈ మనిషికి మార్చే హక్కు ఉందా అని మొదట అడుగుతుంది. తర్వాత ఫైలు తెచ్చుకుంటుంది. సేవ్ చేసినప్పుడు తిరిగి ఇచ్చి వస్తుంది. నాకొచ్చిన పచ్చ టిక్కు నెక్స్ట్‌క్లౌడ్ నుంచి కొలాబొరాకు దారి ఉందని మాత్రమే చెప్తోంది. తిరుగుదారి సంగతి నేను ఒక్కసారి కూడా చూడలేదు.

తిని లేచి కంటైనర్ లోపలికి వెళ్లాను. అక్కడి నుంచి మా నెక్స్ట్‌క్లౌడ్ పేరుకు కర్ల్ కొట్టాను, అంటే ఆ చిరునామా పలుకుతుందో లేదో చూసే కమాండ్ ఇచ్చాను. కర్సర్ అట్లాగే ఆగిపోయింది. రెండు నిమిషాల తర్వాత టైమ్‌అవుట్. అదే కమాండ్ కంటైనర్ బయట, అదే మిషన్ మీద కొడితే కన్ను మూసి తెరిచేలోగా జవాబు వచ్చింది. ఒకే డబ్బాలో ఉన్న రెండు ప్రోగ్రాములు, ఒకదానికి దారి ఉంది, ఇంకోదానికి లేదు.

ఎందుకో తెలియక చాలాసేపు స్క్రీన్ చూస్తూ కూర్చున్నాను. మానిటర్ అంచుకు ఒక పసుపు కాగితం అంటించి ఉంది. పైన దుమ్ము, మూలకు ఇండిగో రంగు వేలిముద్ర. నా చేతిరాతే. 'హోస్ట్స్ ఫైల్‌లో లోపలి ఐపీ రాశాను, తీయొద్దు.' రెండు నెలల కిందట నేనే రాసింది.

అప్పుడు గుర్తొచ్చింది. మా రౌటర్ బయటి నుంచి వచ్చేవాళ్లను 443 పోర్టు మీద లోపలికి పంపుతుంది. కానీ లోపల ఉన్నవాళ్లు బయటి పేరుతో పిలిస్తే, బయటికి పోయి మళ్లీ లోపలికి మళ్లే ఆ మలుపు దానికి రాదు. ఆ మలుపును హెయిర్‌పిన్ నాట్ అంటారు, చిన్న రౌటర్లు చాలావాటిలో ఉండదు. అప్పట్లో వర్క్‌షెడ్డు కంప్యూటర్లు నెక్స్ట్‌క్లౌడ్ తెరవలేకపోతే, ఏ పేరుకు ఏ ఐపీ చిరునామానో చెప్పే హోస్ట్స్ ఫైల్‌లో, ఒక్కో కంప్యూటర్ మీద, ఆ పేరుకు ఎదురుగా లోపలి ఐపీ రాసి పని నడిపించాను. సర్వర్ మిషన్ మీద కూడా రాశాను. కానీ డాకర్ కంటైనర్‌కు తన హోస్ట్స్ ఫైల్ తనకు వేరుగా ఉంటుంది. బయటి మిషన్ మీద రాసింది దానికి కనిపించదు. పాపం అది బయటి ఐపీ పట్టుకుని రౌటర్ దాకా పోయి, అక్కడ తలుపు కొట్టి కొట్టి తిరిగొస్తోంది.

కంటైనర్ మొదలుపెట్టే కమాండ్‌లో యాడ్-హోస్ట్ అని ఒక్క మాట చేర్చి, నెక్స్ట్‌క్లౌడ్ పేరుకు లోపలి ఐపీ ఇచ్చాను. కర్ల్ వెంటనే పలికింది. గ్రాఫ్ నొక్కాను. ఈసారి చక్రం ఎక్కువసేపు తిరగలేదు, వెంటనే కాదు పొమ్మంది. లాగ్‌లో 403, అంటే అనుమతి లేదని.

అది కూడా నేను చేసిందే. నెక్స్ట్‌క్లౌడ్‌లో వోపీ అలౌ లిస్ట్ అని ఉంటుంది. ఏ ఐపీ నుంచి వచ్చి అడిగితే ఫైల్ ఇవ్వాలో అక్కడ రాస్తాం. భద్రత కోసం తప్పకుండా వాడాల్సిన సెట్టింగ్ అది. నేను అందులో మా బయటి ఐపీ రాసి పెట్టాను. ఇప్పుడు కొలాబొరా లోపలి దారిన వస్తోంది కాబట్టి నెక్స్ట్‌క్లౌడ్‌కు కనిపించేది డాకర్ ఇచ్చిన ఐపీ, 172.17తో మొదలయ్యేది. యాక్సెస్ లాగ్‌లో ఆ అంకె కళ్లతో చూసుకుని, ఆ శ్రేణిని జాబితాలో రాశాను. ఊహతో రాయకుండా లాగ్‌లో ఏ ఐపీ పడుతోందో చూసి అదే రాయడం మంచిది. డాకర్ నెట్‌వర్క్ వేరుగా పెట్టుకుంటే ఆ అంకె మారిపోతుంది.

గ్రాఫ్ తెరుచుకుంది. రాత్రి పదకొండున్నర. చెల్లె నిద్ర లేచి వచ్చి తన ఫోన్‌లో కూడా తెరిచింది. నా స్క్రీన్ మీద ఆమె పేరుతో ఒక రంగు గడి కదులుతూ వచ్చి చిలక ముక్కు మీద ఆగింది. ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.

తెల్లారి చూస్తే ఇంకో సమస్య. షీటు పక్కన తెలుగులో రాసుకున్న రంగుల పేర్లన్నీ డబ్బాలుగా కనిపిస్తున్నాయి. చెల్లె కంప్యూటర్‌లో తెలుగు ఫాంట్లు ఉన్నాయి కదా అనుకున్నాను. కొలాబొరాలో పేజీని గీసేది మన కంప్యూటర్ కాదు, సర్వర్. అది పేజీని ముక్కలు ముక్కలుగా బొమ్మలు చేసి పంపుతుంది. కాబట్టి ఫాంట్ సర్వర్‌లో ఉండాలి, మా కంటైనర్‌లో తెలుగు ఫాంట్ లేదు. నోటో సాన్స్ తెలుగు, మండలి, పొన్నాల ఫాంట్లు ఒక ఫోల్డర్‌లో వేసి కంటైనర్‌కు చూపించి మళ్లీ మొదలుపెడితే అక్షరాలు వచ్చాయి. పాత ధరల పట్టికలు కొన్ని అను ఫాంట్లలో డీటీపీ చేయించినవి ఉన్నాయి. వాటిలో ఉన్నది యూనికోడ్ తెలుగు కాదు కాబట్టి ఏ ఫాంట్ వేసినా ఇంగ్లీషు అక్షరాల గజిబిజే. వాటిని చెల్లె కూర్చుని మళ్లీ టైప్ చేసింది. మూడు సాయంత్రాలు పట్టింది.

ఒకసారి మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చాక నెక్స్ట్‌క్లౌడ్ లేచింది, కొలాబొరా లేవలేదు. కంటైనర్ తనంతట తానే మళ్లీ లేచే రీస్టార్ట్ పాలసీ నేను ఇవ్వలేదు. ఇచ్చాను, ఒక యూపీఎస్ కూడా కొనిపించాను.

మేడంతో కూర్చునే రోజుకు ముందు చిన్నాయన నన్ను పక్కకు పిలిచి, "గామె దగ్గర ఫైల్ ఉండిపోతదా?" అని మెల్లగా అడిగాడు. ఆమె మీద అనుమానంతో కాదు, ఆమె దగ్గర పనిచేసే వాళ్ల చేతుల్లోకి పోతుందేమోనని. షేర్ లింకుకు పాస్‌వర్డ్ పెట్టాను, ఏడు రోజుల గడువు పెట్టాను, డౌన్‌లోడ్ దాచేశాను. కేవలం చూడటానికి ఇచ్చే లింకులకు వాటర్‌మార్క్ కూడా పెట్టుకోవచ్చు. చూసేవాళ్ల ఐడీ, తేదీ పేజీ మీద అడ్డంగా సన్నగా పడతాయి. స్క్రీన్ ఫోటో తీసుకోవడాన్ని ఇవేవీ ఆపలేవు, ఆ మాట ఆయనకు దాచకుండా చెప్పాను. ఫోటో బయటికి వస్తే ఎవరి దగ్గర నుంచి వచ్చిందో తెలుస్తుంది కదా అన్నాడు. చాలు అన్నాడు.

బుధవారం సాయంత్రం మేడం లింక్ తెరిచారు. డిజైన్ తేలియా పద్ధతిది, ఎరుపు, నలుపు, తెలుపు మాత్రమే. ఫోన్ స్పీకర్‌లో పెట్టి మధ్యలో ఉంచాం. ఆమె కర్సర్ అంచు దగ్గరికి వచ్చి పన్నెండు గడులను నలుపు నుంచి ఎరుపుకు మార్చింది. చిన్నాయన కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"అమ్మా, గక్కడ ఎరుపు పెడితే పక్క తెలుపులకు రంగు పారుతది. ఒక గడి విడిచిపెట్టండి."

చెల్లె ఒక వరుస తెల్లగా మార్చి చూపించింది. మేడం కాసేపు ఏమీ అనలేదు. తర్వాత తానే ఇంకో వరుస మార్చి, "ఇట్లా అయితే?" అని అడిగారు. చిన్నాయన తల ఊపాడు, ఆ తలూపు ఆమెకు కనిపించదని గుర్తొచ్చి "అయితది, అయితది" అని గట్టిగా అన్నాడు. నలభై నిమిషాల్లో అంచు, కొంగు, ఒళ్లు మూడూ తేలిపోయాయి. వాట్సాప్ ఫోటోలతో ఇదే పనికి పది రోజులు పట్టేది. ఇద్దరూ తెరిచినది ఒకే ఫైల్ కాబట్టి సర్వర్‌లో నడిచింది ఒకటే ప్రాసెస్, మా 8 జీబీ మిషన్ ఎక్కడా తడబడలేదు.

చివరికి మేడం షీటు అడుగున తెలుగులోనే 'సరే' అని టైప్ చేశారు. ఆ గడి కింద చెల్లె తేదీ వేసింది. నెక్స్ట్‌క్లౌడ్ పాత వెర్షన్‌లను కూడా దాచిపెడుతుంది కాబట్టి, ఏ గడి ఎప్పుడు మారిందో అనుమానం వస్తే వెనక్కి వెళ్లి చూసుకోవచ్చు.

మరుసటి పొద్దున చిన్నాయన షీటు ప్రింట్ తీయించి, నూలును చిటికికి సిద్ధంగా చుట్టే ఆసు గదిలో గోడకు అంటించాడు. రబ్బరు పట్టీల బుట్ట ముందర పెట్టుకుని మొదటి చిటికి కట్టాడు. ఆ వార్పు మొన్న శుక్రవారం మగ్గం ఎక్కింది.